కొంగుతో తుడిచిన మాస్కులు

మా మనవరాలు సముద్రంలో మునిగే ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనడం నా పని. నా కొడుకు గొంతు సవరించుకుని, "మీ నాయనమ్మ ఊ అంటే నాకేం అభ్యంతరం లేదు" అని కూతురికి చెప్పి టీవీ వైపు తిరిగాడు. కోడలు వంటింట్లోకి పోయి, అప్పుడే సర్దిన గిన్నెల్ని మళ్లీ సర్దింది. నేను ఊ అననని ఇద్దరికీ తెలుసు. పిల్ల దగ్గర మంచిపేరు వాళ్లకి, చెడ్డపేరు నాకు. మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ ఇలాగే తేలుతాయి.

పిల్ల గుంటూరులో డిగ్రీ చదివింది. చదువయ్యాక ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం కూడా దొరికింది. స్నేహితురాళ్లతో ఒకసారి సముద్రానికి పోయొచ్చింది, అంతే, ఆ ఫ్యాను గాలి పడలేదు. ఎక్కడెక్కడికో పోయి నీళ్లలో దిగడం నేర్చుకుంది. పరీక్షలు రాసింది. ఇప్పుడు చీరాల దగ్గర ఒకాయన తన పడవ మీద పనిస్తానన్నాడని వచ్చి చెప్పింది. అది చేపల పడవ కాదు. మనుషుల్ని ఎక్కించుకుని నడిసముద్రానికి తీసుకెళ్లి, వీపున గాలి నింపిన బండ కట్టి, నీళ్లలోకి దించి, కాసేపు తిప్పి పైకి తెచ్చే పడవ. అడుగున పగడాల దిబ్బలున్నాయట. రాతి గోడ ఉందట. ఎప్పుడో మునిగిపోయిన ఇనప ఓడ ఉందట.

"ఆ గోడ ఎవరు కట్టారే?" అనడిగాను.

"ఎవరూ కట్టలేదు నాయనమ్మా. కొండ అంచులాగా ఉంటది. నిలువుగా లోతుకి దిగిపోద్ది."

"ఎవరూ కట్టని గోడని చూడ్డానికి డబ్బులిచ్చి పోతారా జనం?"

"పోతారు. బోలెడుమంది."

"మన దొడ్డి గోడ కూలి రెండేళ్లయింది. చూడ్డానికి ఒక్కడు రాలేదు."

పిల్ల నవ్వలేదు. దానికి నా పోలిక. నవ్వాల్సిన చోట పళ్లు బిగిస్తుంది.

"నువ్వొకసారి వచ్చి చూడు. చూసి వద్దంటే మానేస్తా. చూడకుండా వద్దంటే మాత్రం మానను" అంది.

"చూసేదేముంది? వద్దు."

"చూడకుండా అన్నావు. చెల్లదు."

మూడో తరగతి వరకే చదువుకున్నదాన్ని. చర్చి బడిలో అక్షరాలు దిద్దాను, తర్వాత పత్తి చేలో పడ్డాను. అయినా మాటంటే ఏమిటో నాకు తెలుసు. పిల్ల మాటిచ్చింది, నేను వెళ్లి చూడాలి, చూసి వద్దనాలి. దానికి ఒక రోజు కూలి దండగ, బస్సు చార్జీ దండగ. పోనీలే, దాంతో పిల్ల నీళ్లలో దిగకుండా ఒడ్డున ఉంటుంది కదా అనుకుని ఒప్పుకున్నాను. పడవాయన కూడా ఆ రోజే తేల్చి చెప్పమన్నాడట. ఆయన దగ్గర పనికి ఇంకో అమ్మాయి కూడా కాచుకుని ఉందట.

అవి మిరపకాయలు ఎండబోసే రోజులు. కల్లంలో తాలుకాయలు ఏరుతున్నాను. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, మంచి కాయలో ఒకటి కలిసినా ధర పడిపోతుంది. తెల్లారి బస్సుందనగా ముందురోజు పొద్దు గూకేదాకా ఏరాను. ఆ ఘాటుకి ముక్కుకీ మూతికీ కొంగు బిగించి కట్టుకుంటాం. చేతులు తుడుచుకునేదీ ఆ కొంగుకే, చెమట తుడుచుకునేదీ ఆ కొంగుకే.

తెల్లారి కోడలు ఇస్త్రీ చేసిన చీర తెచ్చి మంచం మీద పెట్టింది.

"సముద్రం మీదికి ఇస్త్రీ చీరెందుకు? ఎటూ ఉప్పునీళ్లకి తడిసేదేగా. ఈ కల్లం చీరే చాలు. వచ్చాక దీన్ని ఉతుక్కుంటా, ఒక ఉతుకు కలిసొస్తది" అన్నాను.

"అత్తయ్యా, నలుగురిలోకి పోతన్నారు..."

"నలుగురూ నీళ్లలోకి పోతారు. నా చీర ఎవరు చూస్తారు?"

కోడలు ఇస్త్రీ చీరని మళ్లీ బీరువాలో పెట్టింది. నేను మూడరల స్టీలు క్యారియరు సర్దుకున్నాను. అన్నం, గోంగూర, నంజుకోవడానికి వేయించిన మిరపకాయలు. విడిగా ఒక సీసాలో మజ్జిగ. బయట కొనుక్కు తినడం నాకు ఇష్టం ఉండదు.

చిలకలూరిపేటలో బస్సు మారాను. చీరాల బస్సులో నా పక్కన కూర్చున్నావిడ దారిపొడుగునా తుమ్మింది. ముందు సీట్లో ఉన్నాయన కూడా తుమ్మాడు. ఆయన వెనక్కి తిరిగి నన్నెందుకో ఎగాదిగా చూశాడు. కండక్టరు టికెట్టు చింపుతూ రెండుసార్లు తుమ్మి, ముక్కు చీది, "ఏందో ఈ బస్సులో" అని ముందుకి పోయాడు. జనానికి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు, రాత్రిళ్లు ఫ్యాన్లేసుకుని పడుకుంటారు అనుకున్నాను. మా ఊరి వాళ్ల ముక్కులకి మిరప ఘాటు తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే ఉంటాం. చేప సంతలో కూర్చున్న మనిషికి నీచు తెలుస్తుందా?

ఒడ్డు దగ్గర మనవరాలు ఎదురొచ్చింది. ఒంటికి అతుక్కుపోయిన నల్లటి రబ్బరు బట్టలేసుకుని ఉంది.

"ఇదేం వేషమే?"

"చలి వెయ్యకుండా, నాయనమ్మా. అందరూ ఇవే వేసుకుంటారు."

అందరూ వేసుకున్నారు, చూశాను. పడవాయన వేసుకున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరూ వేసుకున్నారు. ఆ రోజు మునగబోయేది వాళ్లే. భర్త భారీ మనిషి. ఆయన్ని ఆ బట్టల్లోకి ఎక్కించడానికి పడవాయన ఒక పక్క, మా పిల్ల ఒక పక్క పట్టుకుని, టిక్కీ బస్తాలో మిరపకాయలు తొక్కి కూరినట్టు కూరారు. జిప్పు పైకి రాగానే ఆయన కళ్లు కొంచెం ముందుకొచ్చాయి. భార్య సన్నగా ఉంది, నవ్వుతూ ఫోనులో ఫొటోలు తీస్తోంది.

"నాయనమ్మా, పడవ మీద సామాను ఏదీ ముట్టుకోమాక. నే చెప్పిన చోట కూర్చో" అంది మనవరాలు.

తల ఊపాను. ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

పడవ నడిపే సరంగు మా జిల్లా మనిషే. పల్లెకారు కుటుంబం. ఎండకి కాలి కాలి ఇంజను రంగులోకి వచ్చాడు. నన్ను చెయ్యి పట్టి ఎక్కించి వెనక ఇంజను దగ్గర కూర్చోబెట్టాడు. బయల్దేరే ముందు ప్రార్థన చెయ్యనా అనడిగాను. పడవాయన, "తప్పకుండా మామ్మగారూ, అందరికీ మంచిది" అన్నాడు. పాపం, నా ప్రార్థన సంగతి ఆయనకి తెలియదు. ఇంజను కోసం చేశాను, తాడు కోసం చేశాను, గాలి బండల కోసం చేశాను, ఆ భారీ మనిషి జిప్పు కోసం చేశాను. కళ్లు తెరిచేసరికి పడవాయన ఎప్పుడు కళ్లు తెరిచాడో, వాచీ చూసుకుంటున్నాడు. "ఆమెన్. ఆటు మారకముందే పోదాం సార్" అన్నాడు సరంగు.

చాలా దూరం పోయాం. మొదట సముద్రం మజ్జిగ కలిపిన టీ నీళ్లలా ఉంది. తర్వాత పచ్చబడింది. ఆ తర్వాత మా పిల్ల స్కూలు రోజుల్లో గౌనుకి ఒలకబోసుకున్న సిరాలా నీలంగా అయింది. అక్కడ లంగరు వేశారు. ఇంజను ఆపాక చెవులు గుయ్యిమన్నాయి.

పడవాయన పాఠం మొదలుపెట్టాడు. నీళ్లలో మాటలుండవు, చేతి సైగలే. నిచ్చెన మీద ఇనుముతో ఠంగు ఠంగుమని కొడితే ఆ చప్పుడు అడుగుదాకా వినపడుతుంది, అప్పుడు అందరూ పైకి రావాలి. అయితే ఎంత కంగారున్నా పైకి గబగబా రాకూడదు, నిదానంగా రావాలి, మధ్యలో తాడు పట్టుకుని కాసేపు ఆగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లుతాయట.

"ఆ బండ ఎంతసేపొస్తది?" అనడిగాను.

"ముప్పావుగంట రావచ్చు మామ్మగారూ. కంగారుపడి ఎక్కువ పీలిస్తే ఇంకా తక్కువ."

"ముప్పావుగంటా! ఇంత బండా!" మా ఇంట్లో వంట గ్యాసు బండ ఎప్పుడయిపోతుందో నేను చెప్పినప్పుడే అయిపోతుంది. పప్పు పొంగు రాగానే కట్టేసి మూత పెట్టి ఆ వేడికే ఉడికిస్తాను. హైదరాబాదు ఆయన వైపు తిరిగి, "నాయనా, కాస్త చూసుకుని పీల్చు. ఒకటి పీల్చి కాసేపు ఆపు. నింపేవాడికి ఊరికే రాదు గదా" అన్నాను.

"మామ్మగారూ!" పడవాయన గొంతు పైకి లేచింది. "ఆపకూడదని ఇప్పుడేగా నే చెప్పింది!"

"నాయనమ్మా" అంది మనవరాలు, పళ్లు బిగించి.

సరే, వాళ్ల గాలి, వాళ్ల ఇష్టం. ఊరుకున్నాను. ఇక్కడిదాకా ఏ గొడవా లేదు. ఆ తర్వాత మాస్కులు బయటికి తీశారు.

మాస్కంటే కళ్లనీ ముక్కునీ కలిపి కప్పే పెద్ద అద్దం, చుట్టూ రబ్బరంచు. పడవాయన తన మాస్కు చేతిలోకి తీసుకుని, లోపలి వైపు తిప్పి, నా కళ్లముందే థూ అని ఉమ్మేశాడు. ఉమ్మేసి వేలితో అద్దమంతా రాశాడు. చదువుకున్నవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. తీసుకెళ్లి బకెట్లో ముంచి జాడించాడు. హైదరాబాదావిడ కూడా నవ్వుకుంటూ తుప్పుక్కుమంది. ఆమె మొగుడికి నోరెండిపోయి ఒక పట్టాన రాలేదు, పక్కన నిలబడి ఉత్సాహపరిచారు. వచ్చాక అదే బకెట్లో ముంచారు.

అప్పుడు నా మనవరాలు ఉమ్మింది. ఇంకొకరు కొరికిన జామకాయ ఇస్తే ఏడ్చిన పిల్ల. నేను పెంచిన పిల్ల.

"ఏమే! ఎంగిలి కాదూ అది?"

"అద్దానికి ఆవిరి పట్టకుండా, నాయనమ్మా. లోకమంతా ఇట్టాగే చేస్తారు."

"లోకమంతా ఎంగిలి మొహానికి పూసుకుంటదా?"

దానికి తీరిక లేదు. భారీ మనిషి నడుముకి సీసపు బిళ్లల బెల్టు బిగిస్తోంది. మునగడానికి బరువు చాలదట! లోకంలో మునిగేవాళ్లందరూ తేలాలని చూస్తారు, వీళ్లు సీసం కట్టుకుని మరీ మునుగుతారు. అందరూ బండలతో, పట్టీలతో, బాతు కాళ్లలాంటి రబ్బరు చెప్పులతో కుస్తీ పడుతున్నారు. మాస్కులు నాలుగూ బల్ల మీద వరసగా ఉన్నాయి. వాటి పక్కన నలుగురి ఎంగిలీ కలిసిన బకెట్టు.

నా కళ్లముందు ఒకరి ఎంగిలి ఒకరు మొహాన పెట్టుకుంటుంటే చేతులు ముడుచుకుని కూర్చునే మనిషిని కాదు నేను. బకెట్టు సముద్రంలో పారబోశాను. నా తాగేనీళ్ల సీసా తీసి ఒక్కొక్క మాస్కునీ శుభ్రంగా కడిగాను. కడిగి కొంగుతో తుడిచాను. లోపల, బయట, రబ్బరంచు మడతల్లో, ముక్కు దగ్గరి సందులో వేలికి కొంగు చుట్టి మరీ తుడిచాను. తళతళలాడాయి. మనవరాలి మాస్కుని రెండోసారి తుడిచాను. మన పిల్ల కదా.

నేనే అందించాను కూడా. హైదరాబాదావిడ, "అయ్యో, థాంక్స్ ఆంటీ" అంది. పడవాయన ఆటు చూసుకుంటూ, చూడకుండానే తీసుకుని తగిలించుకున్నాడు. మనవరాలు నావైపు అనుమానంగా చూసింది గానీ, అప్పటికే భారీ మనిషి పడవ అంచు మీద కూర్చుని వణుకుతున్నాడు.

ఆయన్ని ముందుకి దూకించరు. అంచు మీద వీపు సముద్రం వైపు పెట్టి కూర్చోబెట్టి, వెనక్కి పడమంటారు. నిద్రలో మంచం మీంచి దొర్లినట్టు ధబేలుమని పడ్డాడు. పడవ ఆ పక్క పైకి లేచింది. ఆయన వెనక ఆయన భార్య, పడవాయన. చివర్న మా పిల్ల.

"పైకొచ్చాక ఊ అంటావుగా?" అంది.

"నువ్వు ముందు పైకి రా" అన్నాను.

పడింది. నీళ్లు మూసుకున్నాయి.

కొంతసేపటికి పైకి బుడగలు రావడం మొదలైంది. నాలుగు చోట్ల నుంచి, అన్నం ఎసరు మరిగినట్టు. అవి వస్తున్నంతసేపూ కింద ఊపిరి పీలుస్తున్నట్టని సరంగు చెప్పాడు. అందుకని వాటినే చూస్తూ కూర్చున్నాను. ఏ బుడగలు మా పిల్లవో తెలియలేదు. ఎక్కువగా, గుంపులు గుంపులుగా వచ్చేవి మాత్రం ఆ భారీ మనిషివని తెలిసిపోయింది. దండగ మనిషి.

"అన్నం తిన్నావా అబ్బాయ్?" అని సరంగునడిగాను.

"లేదు మామ్మా. వాళ్లొచ్చినాక తింటా."

"రా, కాస్త తిను. నాకెక్కువే ఉంది."

అతను వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇంజను ఆగి డీజిలు వాసన పోయింది. గాలి నా మీదుగా అటు వీస్తోంది. క్యారియరు మూత తీయకముందే అతను తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకూ జలుబేనా? ఈ చుట్టుపక్కల అందరికీ పట్టుకున్నట్టుంది. బస్సులో కూడా..."

"జలుబు గాదు మామ్మా!" ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. "మీ కొంగు ఇటు ఇసరమాకండి! మిరపకారం గుప్పుమంటంది! ఏం జేసొచ్చినారు ఆ కొంగుతో?"

నేను కొంగు చూసుకున్నాను. అంచు పొడుగునా ఎర్రటి మరక. మధ్యలో ఒక చోట మాత్రం తెల్లబడి ఉంది, మాస్కులు తుడిచిన చోట.

ఆ తెల్లబడిన చోటి కారమంతా ఎక్కడికి పోయిందో నాకు అప్పటికి అర్థమైంది. నాలుగు మాస్కుల్లోకి.

"అబ్బాయ్, వాళ్లకి ఫోను చెయ్యి!"

"నీళ్లలో ఫోనేంది మామ్మా!"

"అయితే నువ్వు దూకు!"

"దూకి ఏం జెయ్యను? వాళ్లున్నంత లోతుకి నే బోలేను. ఏమయింది?"

చెప్పాను. అతను మొదట నోరు తెరిచాడు. తర్వాత తలకి చుట్టుకున్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు.

"నవ్వుతావేంరా! నా పిల్ల కింద ఉంది!"

అప్పటికి గుర్తొచ్చింది, నిచ్చెన. పడవ పక్కన నీళ్లలోకి దిగే ఇనప నిచ్చెన దగ్గరికి మోకాళ్ల మీద పాకుతూ పోయి, స్టీలు క్యారియరు అరతో కొట్టడం మొదలుపెట్టాను. ఠంగు ఠంగు ఠంగు. గోంగూర ఎగిరి నీళ్లలో పడింది, పోనీ. చర్చి గంట కూడా ఎప్పుడూ అంత గట్టిగా కొట్టి ఉండరు మా ఊళ్లో. కొడుతూ బుడగలు చూస్తున్నాను. నాలుగు చోట్లవీ ఒక దగ్గరికి చేరాయి. గజిబిజి అయ్యాయి. భారీ మనిషివి కుండ పగిలినట్టు ఒక్కసారిగా వచ్చాయి.

వద్దనడానికే వచ్చానా? నిజమే. పిల్ల ఈ ఉద్యోగం మానాలనే కోరుకున్నానా? నిజమే. కానీ నా చేత్తో కళ్లలో కారం కొట్టి మాన్పించాలని ఎవరనుకున్నారు!

ముందు పడవాయన, హైదరాబాదావిడ తేలారు. ఇద్దరూ మాస్కులు పీకేసి, కళ్లు మూసుకుని, నిచ్చెన ఎక్కడుందా అని గాల్లో చేతులాడించారు. సరంగు ఒక్కొక్కరినీ పట్టి లాగాడు. "కళ్లు! కళ్లు! ఏదో కుట్టింది!" అంటోంది ఆవిడ. "సముద్రంలో ఏదో కొత్త జంతువు" అన్నాడు పడవాయన, రెండు చేతులతో మొహం పట్టుకుని.

ఆ జంతువు క్యారియరు అర పట్టుకుని నిలబడి ఉంది. "మా పిల్లేది?" అన్నాను.

"తాడు దగ్గర... ఆయన్ని పట్టుకుని ఆగింది" అన్నాడు.

నీళ్లలోకి వంగి చూశాను. లంగరు తాడు వెంట బుడగలు వస్తున్నాయి. రెండు వరసలు. ఒకటి గుంపులు గుంపులుగా, ఎడాపెడా. దాని పక్కనే ఇంకోటి, సన్నగా, ఒకే తీరుగా, కొలిచి పోసినట్టు. అది మా పిల్లదని ఎవరూ చెప్పనవసరం లేదు. ఆ రెండు వరసలూ ఉన్న చోటే ఉన్నాయి, పైకి రావడం లేదు. కాసేపు ఆగాలన్నారు కదా, ఆ ఆగడమేనని సరంగు అన్నాడు. అంత మంటలో ఎలా ఆగుతున్నారో! నేను ప్రార్థన మొదలుపెట్టి, ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయి, మళ్లీ మొదటికొచ్చాను.

చివరికి రెండు తలలు తేలాయి. మా పిల్ల ఒక చేత్తో ఆ భారీ మనిషి వీపు పట్టీ పట్టుకుని ఉంది. ఆయన్ని ముందు ఎక్కించింది. ఆయన బెల్టు, బండ తీసి సరంగుకి అందించింది. ఆవిడ సరిగా కూర్చుందో లేదో చూసింది. అప్పుడు తన మాస్కు తీసింది. కళ్లు రెండూ పండుమిరపకాయలు. రెండుసార్లు తుడిచానని చెప్పాను కదా.

భారీ మనిషి ఆయాసంతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఓడ దగ్గరికి చేరాక మాస్కులోకి కాసిని నీళ్లు ఊరి కళ్లు భగ్గుమన్నాయట. తోసుకుని పైకి వచ్చేద్దామని కాళ్లు తపతపా కొట్టాడట. "ఈ అమ్మాయి బెల్టు పట్టుకుని లాగేసిందండీ. విడిపించుకోబోతే మొహం నా మొహానికి ఆనించి ఒక్క చూపు చూసింది. ఎర్రగా ఆ కళ్లు! నీళ్లంటే భయం పోయిందండీ, ఆ చూపుకే భయమేసింది. ఊపిరి వదలమని వేలు చూపించింది, వదిలాను. ఆగమంది, ఆగాను."

ఆ చూపు మా పిల్ల ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. మా ఇంట్లో నా కొడుకు ఇప్పటికీ ఆ చూపుకే అన్నం వదలకుండా తింటాడు.

అందరూ మొహాలు పట్టుకుని మూలుగుతున్నారు. చూడలేకపోయాను. "అయ్యో రామ్మా, రా, తుడుస్తా" అని హైదరాబాదావిడ దగ్గరికి పోయి కొంగు ఎత్తాను.

సరంగు కెవ్వుమన్నాడు. మా పిల్ల ఒక్క అడుగులో మధ్యకి వచ్చింది. నా కొంగు చూసింది, ఎర్ర మరక చూసింది, మధ్యలో తెల్లబడిన చోటు చూసింది. కల్లాల మధ్య పుట్టిన పిల్ల, ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు.

"నాయనమ్మా! కొంగు దోపుకో! పడవ మీద సామాను ముట్టుకోమాకని చెప్పానా లేదా?"

"ఎంగిలని..."

"చెప్పానా లేదా?"

"చెప్పావు గానీ..."

"ఇక్కడ నా మాట వినాలి. ఒడ్డుకి పోయినాక నీ మాట వింటా. అక్కడ కూర్చో. నోరు మూసుకో."

నా పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. మా అత్త అనబోయి మానుకుంది. పంచాయతీ ప్రెసిడెంటు మనసులో అనుకుని ఉంటాడు. నేను పోయి కూర్చున్నాను. నోరు మూసుకున్నాను.

వాళ్లు మామూలు నీళ్లతో కడుక్కుంటున్నారు. కారం నీళ్లకి పోతుందా? చెబుదామంటే నోరు మూసుకున్నాను. అందుకని మజ్జిగ సీసా తీసి, చప్పుడు చెయ్యకుండా బల్ల మీద ముందుకి జరిపాను. మా పిల్ల సీసా వంక చూసింది, నా వంక చూసింది, మూత తీసింది. కళ్లు గట్టిగా మూయించి, రెప్పల మీదా చెంపల మీదా అందరికీ పట్టించింది, ఆరాక నీళ్లతో కడుగుతానంది. కాసేపు నడిసముద్రంలో నలుగురు మనుషులు సున్నం కొట్టిన గోడల్లా కూర్చున్నారు. హైదరాబాదావిడ మొదట నవ్వింది. ఆవిడ మొగుడు నవ్వుదామని చూసి, జిప్పు బిగుతుకి ఆగాడు. పడవాయన ఒక కన్ను తెరిచి, "మామ్మగారూ, అమ్మాయిని పనిలో పెట్టుకుంటాను. మీరు మాత్రం ఒడ్డునే ఉండి ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

"పెట్టుకోడానికి నాయనమ్మ ఇంకా ఊ అనలేదు సార్" అంది మా పిల్ల. నావైపు తిరిగింది. "అనడానికీ వీల్లేదు, వద్దనడానికీ వీల్లేదు. చూడలేదుగా. దిగు."

"ఎక్కడికే?"

"నిచ్చెన మీదికి. మెడ లోతు. నేను పట్టుకుంటా."

మిగిలిన మాస్కు ఒకటి సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. నేను ముట్టుకోనిది. "ఉమ్ము" అంది.

అందరూ చూస్తున్నారు. మజ్జిగ మొహాలతో. అటు తిరిగి ఉమ్మాను. నాది నాకే గదా, ఎంగిలెట్లా అవుతుంది అని సరిపెట్టుకున్నాను.

నిచ్చెన దిగాను. చీర గుమ్మడికాయలా ఉబ్బింది. మా పిల్ల నడుం పట్టుకుంది. తల నీళ్లలో పెట్టాను. మొదట నీలంగా తప్ప ఏమీ లేదు. తర్వాత కిందెక్కడో నల్లగా, పెద్దగా, పక్కకి ఒరిగిన ఓడ కనపడింది. దాని స్తంభం ఒకటి పైకి లేచి ఉంది. దాని చుట్టూ పసుపు చారల చేపలు తోసుకోకుండా, ఎవరి దారిన వాళ్లు తిరుగుతున్నారు. చేపల్ని వాళ్లు అనకూడదేమో, నాకు అప్పుడు అలాగే అనిపించింది. ఊపిరి పీల్చడం మర్చిపోయి, తల పైకెత్తి దగ్గాను. మళ్లీ పెట్టాను.

"ఎట్టా ఉంది?" అంది మా పిల్ల.

"ఎంత ఇనుమే తల్లీ! ఊరికే తుప్పు పట్టిపోతంది. ఎవరూ తీసి అమ్ముకోలేదా?"

మూడోసారి కూడా తల పెట్టాను. నిచ్చెన వదలమని సరంగు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఒడ్డుకొచ్చాక మా వాడికి ఫోను చేశాను. అప్పటిదాకా మా పిల్ల ఏమీ అడగలేదు. ఎదురుగా నిలబడి ఆ ఎర్రటి కళ్లతో నా మొహమే చూస్తోంది.

"ఏమ్మా, చూశావా? ఏమంటావు?" అన్నాడు వాడు.

"నీ కూతురు నన్ను నోరు మూసుకుని కూర్చోమందిరా."

అవతల టీవీ చప్పుడు ఆగింది. వెనక కోడలు "ఏమంట? ఏమంట?" అనడం వినపడింది.

"నువ్వేం చేశావమ్మా?"

"కూర్చున్నా."

"అయితే ఇంక చేరమని చెప్పనా దాన్ని?" అన్నాడు మెల్లగా.

"నువ్వు చెప్పేదేంది? అది నా మాట" అని ఫోను పెట్టేశాను. పెట్టేసి, మా పిల్లతో, "ఊ" అన్నాను. గట్టిగానే అన్నాను. అయినా అది చెవి నా నోటి దగ్గరికి తెచ్చి, "వినపడలా, ఇంకోసారి" అంది. ఇంకోసారి అన్నాను.